ముందు అల్లుడు గారికి

నవంబరు 17, సోమవారం

సుజాత తెల్లారగట్ల బస్సుకి వెళ్ళిపోయింది. కొండ మీద స్కూలు, స్కూల్లోనే హాస్టలు డ్యూటీ... మళ్ళీ శనివారం సాయంత్రమే దిగడం. పెళ్ళాం ఇంట్లో నేనుంటున్నాను. పెళ్ళాం మాత్రం ఉండదు.

రాత్రి భోజనం. టేబుల్ మీద ఒకటే కంచం — నాది. వంకాయ కూర, పప్పు, వడియాలు, మీగడ పెరుగు. గోడ అవతల వంటింట్లోంచి అత్తగారు పాపతో అంటున్నారు: “మీ నాన్నకి పప్పు ఇంకో గరిటి ఏయమంటారేటో కనుక్కో.”

పాప వచ్చి అడిగింది. వద్దన్నాను. పాప వెళ్ళి “వద్దంట” అంది. గుసగుసలాడినా వినపడే దూరం. అయినా కబురు పాప మోయాల్సిందే. అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడరు, అల్లుడి ఎదుట కూర్చోరు, అల్లుడు తినకుండా తినరు. ఎస్. రాయవరం దగ్గర ఆవిడ పుట్టిన ఊళ్ళో అది మర్యాద. నర్సీపట్నం వచ్చి ఇన్నేళ్ళయినా ఆ మర్యాద బీరువాలో చీర మడతలా నలగలేదు.

నేను చెయ్యి కడుక్కున్నాక వాళ్ళిద్దరూ వంటింట్లో కింద కూర్చున్నారు. పాప స్కూల్లో ఎవరో పడిపోయిన కథ చెబుతోంది. అత్తగారు నవ్వుతున్నారు. నేను హాల్లో టీవీ పెట్టాను. సౌండు పెట్టలేదు.

నవంబరు 18

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. నా విషయంలో సామెత తిరగబడింది. నోట్లోకి అన్నీ వస్తున్నాయి. పక్కన మనిషే లేడు.

నవంబరు 19

మామయ్యగారి కుర్చీ నా ఎదురుగానే ఉంది. ఆయనున్నప్పుడు ఇద్దరం తినేవాళ్ళం. ఏం మాట్లాడేవారని? “సెరుకు బళ్ళు రోడ్డంతా ఆపేసినాయంట.” “అవునండీ.” అంతే. ఉల్లిపాయని గుప్పిటతో ఒక్క గుద్దు గుద్ది, సగం నా కంచంలో వేసేవారు. పోయిన వర్షాల్లో ఆయన కాలం చేశారు. ఆ సగం ఉల్లిపాయ కోసం నాకు ఇంత దిగులుంటుందని ఎవరికి చెప్పను.

నవంబరు 20

నా రిపేరు షాపులో ఆ ఓవెన్ మళ్ళీ కంటపడింది. బ్యాంకాయన బాగు చేయమని ఇచ్చి, బదిలీ అయిపోయి, “నువ్వే ఉంచేసుకో” అని ఫోన్లో చెప్పేసిన ఓవెన్. ఫ్రిజ్‌ల వెనక దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మధ్యాహ్నం బేరాల్లేవు. విప్పాను. కాయిల్ బాగానే ఉంది, థర్మోస్టాట్ పోయింది. మార్చాను. కాసేపటికి లోపల ఎర్రగా వెలిగింది.

వైజాగ్ హోటల్ గుర్తొచ్చింది. అక్కడ ఏసీలు చూసుకునే రోజుల్లో స్టాఫ్ భోజనం సాయంత్రం. మిగిలిన పాస్తా అంతా వంట మాస్టర్ పెద్ద ట్రేలో వేసి, పాల సాస్ పోసి, పైన రస్కుల పొడి, మిగిలిన చీజ్ ముక్కలు చల్లి ఓవెన్లో పెట్టేవాడు. బుడగలతో కుతకుతలాడుతూ బయటికొచ్చేది. గిన్నెలు కడిగేవాళ్ళు, సెక్యూరిటీ తాత, నేను, మాస్టర్ — చుట్టూ నిలబడి, తలో చెంచా. కంచాల్లేవు. మూలల్లో కరకరలాడే ముక్క కోసం కొట్టుకునేవాళ్ళం. ఎక్కువ అలిసిపోయినవాడికే మూల అని మాస్టర్ తీర్పు.

అమ్మ పోయాక పాయకరావుపేటలో బాబాయి ఇంట్లో పెరిగాను. అక్కడ అందరూ తిన్నాక నా వంతు. ఇక్కడ అందరికంటే ముందు నా వంతు. మధ్యలో ఆ హోటల్ ఒక్కచోటే నేను జనంతో కలిసి తిన్నది. ఇల్లరికానికి ఊరికే ఒప్పుకోలేదు. ఇంటి నిండా మనుషులు దొరుకుతారనుకున్నాను.

నవంబరు 22, శనివారం

ఓవెన్ ఇంటికి తెచ్చాను, పాస్తా ప్యాకెట్టు, చీజ్ కూడా. “నేను వండుతాను ఈ పూట” — పాపతోనే అన్నాను, గోడకి వినపడేలా.

గోడ అవతల గరిటె కింద పడింది.

“ఓలమ్మ! అల్లుడు గారి సేత వంట సేయించినారంటే ఊరు నవ్వదేటే? బేగి ఎల్లి ఆ ఈధి కిటికీ మూసెయ్యి!”

కిటికీ మూశారు. తలుపు కూడా. అత్తగారు పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చున్నారు, నేను వంటింట్లో ఉన్నంతసేపూ. మైదా వెన్నలో వేయించి పాలు పోశాను. చేతికి అలవాటు తప్పింది. పెరట్లోంచి పాప వార్త మోసుకొచ్చింది: “ఉండలు కడతందంట నాన్నా, మంట తగ్గించమంటంది అమ్మమ్మ.” తగ్గించాను. ఉండలు కరిగాయి. వాసన చూసి చెప్పిందో, చప్పుడు విని చెప్పిందో!

ట్రే బయటికి తీసేసరికి సుజాత వచ్చింది. స్వెట్టర్ విప్పకుండానే “ఏటండీ ఈ వాసన!” అని నవ్వింది. నేను చేతులు కడుక్కొచ్చేలోపు టేబుల్ సర్దేశారు. ఒక కంచం. దాని పక్కన ట్రే. మొత్తం ట్రే.

“అందరం తిందాం,” అన్నాను.

“ముందు మీరు తినండి. నేను అమ్మతో తింటాను.”

“ఇది వేడి మీదే బాగుంటుంది.”

“అందుకే బేగి తినెయ్యండి మరి.”

తిన్నాను. నలుగురి ట్రేలో ఒక మూల నేనొక్కణ్ణి తవ్వుకుంటూ... సుజాత పక్కన నిలబడి నీళ్ళు అందించింది. అత్తగారు తలుపు వెనక. అంత బాగా కుదిరింది కూడా. సగం కంచంలోనే వదిలేశాను. నేను లేచాక ట్రే వంటింట్లోకి వెళ్ళింది. అప్పటికి చీజ్ బిగుసుకుపోయి అట్టలా అయింది. “బాగుందే, కానీ సాగతాంది” అని అత్తగారి తీర్పు వినపడింది. అది సాగింది మీ మర్యాదకండీ అని అరవాలనిపించింది. అరవలేదు. అల్లుడు గారు అరవరు.

నవంబరు 25

ఒక్కసారి నలుగురం ఒక్క ట్రే చుట్టూ కూర్చోవాలి. ఇంకేం అక్కర్లేదు నాకు ఈ ఇంట్లో.

నవంబరు 29, శనివారం

మళ్ళీ చేశాను. ఈసారి చిన్న ప్లేట్లు నాలుగు టేబుల్ మీద ముందే పెట్టాను. స్నానం చేసొచ్చేసరికి మూడు తీసేశారు. కడిగి, తుడిచి, అలమారులో.

సుజాతతో అన్నాను. “అమ్మకి అలవాటు లేదండీ. ఈ వయసులో మారమంటే ఏటి మారతాది. మీకేం తక్కువ చేస్తాంది సెప్పండి?” అంది. ఏం తక్కువ? ఏమీ తక్కువ లేదు. అదే చెప్పలేకపోయాను. సుజాతకి వారానికి ఒకటిన్నర రోజే తల్లి దొరుకుతుంది. నేను అడ్డం పడితే బాగుండదు.

తర్వాత హాల్లో కూర్చుంటే వంటింట్లో గరగరమని చప్పుడు. చెంచాతో గోకుతున్న చప్పుడు. పాప నవ్వు: “అమ్మమ్మా, మాడు తింటన్నావేటి!” “సప్పుడు సేయకే. మాడే రుసి.”

ట్రే మూలలు. ఆవిడకి మూలలు ఇష్టం! నేను చాలాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. చెప్పుకోడానికి ఎవరూ లేరని గుర్తొచ్చాక ఆగింది నవ్వు.

డిసెంబరు 3

ఉపాయం తోచింది. నేను తింటేనే కదా వాళ్ళు తర్వాత తినేది. నేను తినను. అప్పుడేం చేస్తారో చూస్తాను.

డిసెంబరు 7, ఆదివారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

నిన్న ట్రే దించి టేబుల్ మీద పెట్టి, “షాపులో పనుంది, మీరు తినేయండి, నాకోసం చూడకండి” అని వెళ్ళిపోయాను. పనేం లేదు. సెంటర్లో టీ తాగాను. లంబసింగి చలి చూడ్డానికి కొండెక్కే టూరిస్టు కార్లు వరసగా వెళ్తున్నాయి, అద్దాల్లోంచి పిల్లల తలకాయలు. మళ్ళీ టీ తాగాను. ఈపాటికి తినేసి ఉంటారు, నేను వెళ్ళి మిగిలింది తింటాను, ఒక్కసారైనా ఆ ఇంట్లో చివర తింటాను... అదీ నా లెక్క.

ఇంటికొచ్చేసరికి ట్రే పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన మూత. పక్కన ఒక్క కంచం. సుజాత బస్సు ఆ కార్ల మధ్య ఇరుక్కుని అప్పుడే వచ్చిందట. పాప మాత్రం బిస్కెట్లు తిని చాప మీద నిద్రపోయింది.

“అమ్మ మీకోసం చూస్తాంది, రండి.”

“నాకు ఆకలిగా లేదు. మీరు తినండి,” అన్నాను. పంతం. ఆకలికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా పంతం. కుర్చీలో కూర్చున్నాను. గోడ అవతల ఆవిడ కూర్చుని ఉన్నారని తెలుసు. ఎవరు ముందు లొంగుతారా అని చూస్తున్నాను, చిన్నపిల్లాడిలా.

ఒక్కటి మర్చిపోయాను. ఆవిడ భోజనానికి ముందు షుగర్ మాత్ర వేసుకుంటారు. నేను ట్రే దించగానే, ఇంక భోజనమే కదా అని, వేసేసుకున్నారు. మాత్ర వేసుకుని, అల్లుడు గారు తినలేదని, ఉత్త కడుపుతో కూర్చున్నారు.

స్టీలు చెంబు దొర్లిన చప్పుడు. సుజాత “అమ్మా!” అని అరిచింది.

వంటింటి గడప ఎప్పుడు దాటానో తెలీదు. ఆవిడ గోడకి జారబడిపోయి ఉన్నారు. జాకెట్టంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు ఎటో చూస్తున్నాయి. షుగర్ పడిపోయింది. పంచదార డబ్బా ఎక్కడుందో కూడా నాకు తెలీదు, ఇన్నేళ్ళుగా ఉంటున్న ఇంట్లో! సుజాత అందించింది. గ్లాసు నీళ్ళలో కలిపి, ఆవిడ తల నా మోచేతి మీద పెట్టుకుని, కొంచెం కొంచెం తాగించాను. మింగారు. మళ్ళీ మింగారు. కాసేపటికి చూపు తిన్నగా అయింది. నన్ను చూశారు. కొంగు కోసం చెయ్యి వెతుక్కుంది.

“బాబూ... మీరు తిన్నారా?”

నాతో నేరుగా ఆడిన మొదటి మాట. పెళ్ళయినప్పటినుంచీ ఇదే మొదటిది.

“తిన్నానండీ,” అన్నాను. అబద్ధం. అప్పుడు నోరు తెరిచారు. చల్లారిపోయిన పాస్తా నేనే ముద్దలు ముద్దలుగా పెట్టాను.

డాక్టరు గారు వచ్చి చూసి పర్లేదన్నారు. ఆయన వెళ్ళాక సుజాత పెరట్లోకి పిలిచింది. “పంతాలకి పోడానికి మా అమ్మే దొరికిందేటండీ మీకు?”



డిసెంబరు 8

సుజాత బస్సెక్కేటప్పుడు నా వైపు చూడలేదు. “మాత్రకి ముందు రెండు ఇడ్లీలు పెట్టు అమ్మమ్మకి” అని పాపకి చెప్పింది. నాకు చెప్పలేదు.

డిసెంబరు 9

టేబుల్ మీద ఒక కంచం. “మీ నాన్నకి సారు కావాలేటో అడుగు.” మళ్ళీ గోడ వెనక్కి వెళ్ళిపోయారు. కావాలన్నాను. ఏది అడిగినా కావాలంటున్నాను ఇప్పుడు.

డిసెంబరు 10

ఒంటరిగా ఉంది. ఇదే మాట తిప్పి తిప్పి రాస్తున్నాను ఈ పుస్తకంలో. కంప్రెసర్ పాడైతే చెవి పెట్టి వింటాను, ఎక్కడ లోపమో తెలిసిపోతుంది. ఇక్కడ లోపం ఎవరిలోనూ లేదు. అందరూ మంచివాళ్ళే. అదే పెద్ద చిక్కు.

డిసెంబరు 11

సుజాత ఫోన్ చేసింది. పాపతో మాట్లాడాక నాకిమ్మంది! కోపం తగ్గినట్టుంది. అడిగాను: “మామయ్యగారు ఉన్నప్పుడు అత్తయ్యగారు ఎక్కడ తినేవారు?”

“నాన్న తిన్నాక. ఆయన కంచంలోనే.”

“కలిసి ఎప్పుడూ?”

“లేదండీ. నాన్న పక్కన కూర్చుని తినడం నేనెప్పుడూ సూడలేదు.” ఫోన్లో కొండ మీద గాలి వినపడింది.

పెళ్ళిలో తప్ప ఆవిడ భర్త పక్కన కూర్చుని ఒక్క పూట తినలేదు. ఆయన తర్వాత తిన్నారు. ఇప్పుడు నా తర్వాత తింటున్నారు. నేను తలుపుకి ఇవతల కూర్చుని, ఒంటరివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

డిసెంబరు 13, శనివారం

ఆవిడ ఇవతలికి రారు. నేను అవతలికి వెళ్తే లేచి నిలబడతారు. సరే, మధ్యేమార్గం.

ట్రే వేడివేడిగా తీసుకెళ్ళి వంటింటి గడప మీద పెట్టాను. ఇవతల పీట వేసుకుని కూర్చున్నాను. అవతల వాళ్ళు ముగ్గురూ. మధ్యలో ట్రే. నా తెలివికి నేనే మురిసిపోతూ చెంచా తీశాను.

“గడప మీద తిండి ఎవులైనా ఎడతారేటి! బుద్ధుండక్కర్లేదా మనిసికి? దరిద్రం సుట్టుకుంటాది! తియ్యండి బేగి, తియ్యండి!”

నాకే. పాపకి కాదు, గోడకి కాదు. కళ్ళలోకి చూస్తూ నాకే.

అంతలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొహం ఎర్రబడిపోయింది. పెరట్లోకి వెళ్ళిపోయారు. సుజాత గోడకి ఆనుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. అత్తగారికి షుగర్ పడిపోయిన రాత్రి తర్వాత ఇదే మొదటి నవ్వు. నేను ట్రే ఎత్తుకుని వెధవలా నిలబడ్డాను, చేతులు కాలుతున్నా.

ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఇంతవరకూ తిట్టలేదు. అల్లుడు గారిని తిట్టరు. బాబాయి ఇంట్లో తిట్లు తిన్నాను, అవి వేరు. ఇది వేరు. సొంత మనిషిని తిట్టినట్టు తిట్టారు.

అయినా నేను తిని లేచేదాకా పెరట్లోంచి రాలేదు. ఒక్కణ్ణే తిన్నాను. ఒక మూల మాత్రం ముట్టుకోలేదు.

డిసెంబరు 14

ట్రే కడిగి ఎండలో బోర్లించి ఉంది. మూలలు అద్దంలా గోకేసి ఉన్నాయి.

డిసెంబరు 16

ఒక కంచం. “మీ నాన్నకి పచ్చడి కావాలేటో...” తిట్టు ఒక్క రోజు వైభవమే. అయినా పడుకోబోయే ముందు ఆ మాట మళ్ళీ చెప్పుకున్నాను. బుద్ధుండక్కర్లేదా మనిసికి.

డిసెంబరు 20, శనివారం

ఓవెన్ హాల్లోనే పెట్టాను, టేబుల్ చివర. ట్రే లోపలుంది. పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

సుజాత ఫోన్: ఘాట్‌లో కార్లు ఆగిపోయాయి, ఆలస్యమవుతుంది. పాప పక్కింట్లో పుట్టినరోజుకి వెళ్ళింది. అత్తగారు ఇడ్లీలు తిని మాత్ర వేసుకున్నారు, నా కళ్ళతో చూశాను. ఆ భయం లేదు.

ఇల్లంతా ఇద్దరమే. ఇప్పుడే తట్టింది నాకు — కబురు మోసేవాళ్ళు లేరు.

టేబుల్ మీద రెండు ప్లేట్లు పెట్టాను. ఒకటి నా ముందు. ఒకటి మామయ్యగారి కుర్చీ ముందు. ఇంతవరకూ తీసెయ్యడానికి ఎవరూ రాలేదు.

టైమరు గంట కొట్టింది. దించలేదు.

పైన రస్కుల పొడి బంగారు రంగు దాటి గోధుమ రంగుకొస్తోంది. మూలల్లో నల్లబడుతోంది. వాసన వస్తోంది, వంటింటిదాకా వెళ్ళే ఉంటుంది. వంటింట్లో దగ్గు. ఒక గిన్నె చప్పుడు, కావాలని పెట్టినట్టు. మళ్ళీ దగ్గు.

“ఎక్కడో ఏదో మాడతన్నట్టుంది...” ఎవరితోనో కాదు. గోడతో.

వినపడనట్టు కూర్చున్నాను. పోయినసారి పంతంలా కాదు. ఈసారి మాడితే పాస్తాయే మాడుతుంది. మాడినా తినేవాళ్ళున్నారు.

ఒక్కసారి నన్నే అడగనీ. తిట్టనీ.

అడుగుల చప్పుడు. నెమ్మదిగా. గడప దాకా వచ్చారు. ఆగారు. నేను తలెత్తడం లేదు, రాస్తున్నాను. పొగ మొదలైంది.